లెక్కల కాగితం చివర ఇచ్చేవాళ్లం

కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి కొత్తగా చేరిన ఒకమ్మాయి ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. రిటైరైన లెక్చరర్లను పలకరించి రమ్మని ఎవరో చెప్పారట. "మేడమ్, ఈ ఉద్యోగంలో తప్పకుండా తెలుసుకోవలసింది ఏదైనా ఒకటి చెప్పండి" అంది. ఆ పూట నాకేమీ తోచలేదు. కాఫీ ఇచ్చి, ఎండెక్కకముందే బయల్దేరమని చెప్పి పంపేశాను. ఆమె వెళ్లాక నెమ్మదిగా ఆలోచిస్తే, చెప్పవలసింది ఒకటి ఉందనిపించింది. అది సలహా కాదు, నేను చేసిన తప్పు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం లేక కాగితం మీద పెడుతున్నాను.

నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. రీడర్ని ఎప్పుడయ్యానో నాకే సరిగా గుర్తులేదు. సన్మానంలో కప్పిన శాలువా మాత్రం చలికాలం పొద్దుటిపూట బాగా పనికొస్తోంది.

పాఠాలు సగం, పట్టికలు సగం

మాది గుడివాడ. వాల్తేరులో ఎమ్మెస్సీ చదివి, డెబ్బైల మొదట్లో బెజవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. కాలేజీ పేరు రాయను. అక్కడ పనిచేసినవాళ్లు చాలావరకు మంచివాళ్లే. పాఠం చెప్పి ఇంటికెళ్లడమే ఉద్యోగమనుకుని చేరాను. కాలేజీలో కూడవలసినది ఏదున్నా చివరికి నా బల్ల మీదికే వస్తుందని నెల తిరక్కుండానే తెలిసింది. హాజరు పట్టీలు, టెస్టు మార్కులు, ఆటల పోటీల పాయింట్లు, ఒకసారైతే లాబొరేటరీలో ఏ క్లాసువాళ్లు ఎన్ని గాజుగొట్టాలు పగలగొట్టారో కూడా వచ్చింది. "మేడమ్ గారికి పంపించండి, కూడి పెడతారు" అన్నది ఆఫీసులో రోజూ వినపడే మాట.

మా డిపార్టుమెంటు హెడ్ పాతకాలం మనిషి. పంచె మీద కోటు వేసుకుని వచ్చేవారు. ఆయన నాకు నేర్పినవి రెండే. కూడికని ఒకసారి పైనుంచి కిందికి, ఇంకోసారి కిందనుంచి పైకి చెయ్యమన్నది ఒకటి. "పట్టిక వేసేముందు ఆ పేపర్లని ఒకసారి చేత్తో తిరగెయ్యమ్మా. అంకెలు ఆకాశంలోంచి ఊడిపడవు, ఎవరో ఒక పిల్లాడు కూర్చుని రాస్తేనే వస్తాయి" అన్నది రెండోది. మొదటిది ఉద్యోగమంతా పాటించాను. రెండోది ఆయన చాదస్తం అనుకున్నాను. కొత్తగా డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకి పెద్దవాళ్ల మాటలు చాదస్తంగానే వినపడతాయి, మీకూ వినపడతాయి.

చేరిన ఏడాదే ఒక పొరపాటు చేశాను. అది నవ్వుకునే పొరపాటు. ఒకే జాబితాలో ముగ్గురు కె. వెంకటేశ్వరరావులు ఉన్నారు. కృష్ణాజిల్లాలో ఇది వింతేమీ కాదు. ఒకడి మార్కులు ఇంకొకడికి వేశాను. నాలుగో రోజున హనుమాన్ జంక్షన్ నుంచి ఒక పెద్దాయన బస్సు దిగి, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మగారూ, మావాడికి ఇన్ని మార్కులు రావండీ. వాడి సంగతి నాకు తెలుసు. ఒకసారి మళ్లీ చూడండి" అన్నాడు. చూస్తే ఆయన మాటే నిజం. తన కొడుక్కి మార్కులు తగ్గించమని వచ్చిన తండ్రిని మళ్లీ నా సర్వీసులో చూడలేదు. ఆ తర్వాత ప్రతి పేరు పక్కనా తండ్రి పేరు, ఊరు పేరు రాయడం అలవాటు చేసుకున్నాను.

గంటకొక కాగితం

పదో తరగతి అయినవాళ్లు ఇంటర్మీడియట్‌లో చేరడానికి మా కాలేజీ సొంతంగా ఒక ప్రవేశ పరీక్ష పెట్టేది. ప్రిన్సిపాల్ గారికి పదో తరగతి మార్కుల మీద నమ్మకం లేదు. ఆయన కెమిస్ట్రీ మనిషి, కళ్లముందు మరిగితేగానీ ఏదీ ఒప్పుకోరు. పొద్దుటిపూట డిగ్రీ క్లాసులతో గదులన్నీ నిండి ఉండేవి కాబట్టి పరీక్ష మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా జరిగేది.

ఆ పరీక్షకి మా కాలేజీదే ఒక పద్ధతి ఉండేది. ప్రశ్నలన్నీ ఒక్కసారే ఇచ్చేవాళ్లం కాదు. గంటకొక కాగితం. రెండింటికి భాషలు, మూడింటికి సైన్సు, నాలుగింటికి లెక్కలు. ముందే లేచిపోయినవాళ్లు ప్రశ్నలు బయటికి చేరవెయ్యకుండా, పక్కవాడు చేస్తున్నది చూసి దిద్దుకోకుండా ఈ ఏర్పాటు. లెక్కల కాగితంలో వచ్చిన మార్కులను బట్టే ఎం.పి.సి., అంటే లెక్కల గ్రూపులో సీటు. మిగతా రెండు కాగితాలను బట్టి బై.పి.సి., సి.ఇ.సి. ఇంజనీరు కావాలన్నా, లెక్కల మేష్టారు కావాలన్నా, నాలుగింటికి ఇచ్చే ఆ ఒక్క కాగితమే దారి.

పరీక్ష రోజున కాలేజీ ఆవరణ తిరనాళ్లలా ఉండేది. మంగళగిరి, మైలవరం, జంక్షన్, ఇంకా లోపలి ఊళ్లనుంచి వచ్చేవాళ్లు. మగపిల్లలు నలుగురైదుగురు కలిసి గుంపుగా వచ్చేవాళ్లు. ఆడపిల్లలు మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో పెద్దమనిషి వెంట వచ్చేవాళ్లు, తండ్రో, అన్నో, మేనమామో. ఆ పెద్దమనుషులంతా హాలు బయట వరండాలో, కిటికీల కింద తువ్వాళ్లు పరుచుకుని కూర్చునేవాళ్లు. నేను ఆ పూటంతా వాళ్లని దాటుకుంటూనే అటూ ఇటూ నడిచేదాన్ని.

మైలవరం బస్సు

ఒక ఏడాది పెద్ద హాల్లో నాకు ఇన్విజిలేషన్ పడింది. కిటికీ పక్క వరసలో, మొదటి రెండు గంటలూ తల ఎత్తకుండా రాసిన పిల్ల ఒకతె ఉంది. పేరు మేరీ సుగుణ. మైలవరం అవతల ఒక పల్లె. తండ్రి ఏసురత్నం కౌలుకి పొలం చేసుకునే మనిషి, అతనే వెంటబెట్టుకుని వచ్చాడు.

నాలుగింటికి అందరికీ లెక్కల కాగితం పంచాను. అయిదు నిమిషాలు కాలేదు, కిటికీ చువ్వల మధ్యనుంచి ఏసురత్నం తొంగిచూశాడు.

"సుగుణా! అమ్మా, ఇంక లే. బస్సు టైమైపోయింది."

"ఒక్క పది నిమిషాలు నాన్నా" అంది ఆ పిల్ల, పెన్ను ఆపకుండా.

"నాలుగున్నర బస్సు పోతే మైలవరంలో మనూరి బస్సు అందదమ్మా. ఆడపిల్లనేసుకుని పొద్దుపోయాక నేనెక్కడ పడిగాపులు పడను?"

నేను కిటికీ దగ్గరికి వెళ్లి కసిరాను. "పరీక్ష జరుగుతుంటే మాట్లాడకూడదండీ. వెనక్కి వెళ్లండి."

"తప్పయిందమ్మగారూ. ఇంకో బస్సుంటే పిలిచేవాణ్ణి కాదండి" అని అతను రెండు చేతులూ జోడించి వెనక్కి తగ్గాడు.

సుగుణ లేచి వచ్చి జవాబు పేపరూ, లెక్కల కాగితమూ నా బల్ల మీద పెట్టింది.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాను. నా గొంతులో వెటకారం ఉంది.

"కాలేదండీ." ఒక్క క్షణం నిలబడింది. "మేడమ్, ఈ లెక్కలు ఇంటికి తీసికెళ్లి చేసి, రేపు పొద్దున్నే మా నాన్న చేత పంపిస్తే ఒప్పుకుంటారా?"

పక్కన నిలబడ్డ ఇంకో లెక్చరర్ ఫక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. "ఇది హోంవర్కు కాదమ్మా, పరీక్ష" అన్నాను. ఆ పిల్ల గుమ్మం బయట విడిచిన చెప్పులు వేసుకుని, తండ్రి వెనక గబగబా నడుచుకుంటూ పోయింది.

ముందే లేచినవాళ్ల పేపర్లు అప్పటికప్పుడే ఆఫీసుకి పంపాలని నియమం. పంపేశాను. సాయంత్రం స్టాఫ్ రూములో ఈ ముచ్చట నేనే చెప్పాను, ఆ పిల్ల గొంతు అనుకరించి మరీ చెప్పాను. అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నేను అన్న మాట

పేపర్లు దిద్దినవాళ్లు మార్కులు రిజిస్టరులో ఎక్కించారు. రిజిస్టరు నా దగ్గరికి వచ్చింది. మగపిల్లలవి ఒక పక్క, ఆడపిల్లలవి ఒక పక్క వేసి సగటులు తీశాను. భాషల్లో ఆడపిల్లలది పైచేయి. సైన్సులో కాస్త అటూ ఇటూ. లెక్కల దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లల సగటు పాతాళానికి దిగిపోయింది. పైనుంచి కిందికీ, కిందనుంచి పైకీ రెండుసార్లు కూడి చూశాను. కూడిక తప్పు లేదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒకటి గమనించాలి. లెక్క తప్పు చేసినవాడికి పడేదీ సున్నాయే, అసలు ముట్టుకోనివాడికి పడేదీ సున్నాయే. రిజిస్టరులో ఆ రెండూ ఒకేలా కనపడతాయి. పేపరు తీసి చూస్తేనే తేడా తెలుస్తుంది. నేను తీసి చూడలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కూడుకుంటూ పోయాను.

మీటింగులో ప్రిన్సిపాల్ గారు పట్టిక తిరగేసి, "ఏమంటారు మేడమ్?" అని అడిగారు.

"ఆడపిల్లలకి లెక్కలు పట్టవండీ. మార్కులే చెబుతున్నాయి కదా" అన్నాను.

"మేడమ్ గారే అంటున్నారు, ఇంక మనం అనేదేముంది!" అన్నారు ఒక పెద్ద లెక్చరర్. అందరూ తలూపారు.

ఆ మాట ఎందుకన్నానో ఇన్నేళ్ల తర్వాత దాచుకోవడం అనవసరం. వాల్తేరులో మా క్లాసులో ఇద్దరమే ఆడపిల్లలం. నేను మిగతా ఆడపిల్లల్లాంటిదాన్ని కాదని నాకు లోలోపల పెద్ద గర్వం ఉండేది. ఆడపిల్లలకి లెక్కలు రావని ఎవరన్నా, నన్ను మెచ్చుకున్నట్టే ఉండేది. చిన్నప్పుడు నేను పరీక్ష రాసిన బడి మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉందనీ, నన్ను కిటికీలోంచి పిలవవలసిన అవసరం మా నాన్నకి ఏనాడూ రాలేదనీ అప్పుడు తట్టలేదు. ఏసురత్నం పిలవడం నా కళ్లతో చూశాను, నా చెవులతో విన్నాను. పట్టిక వేసేటప్పుడు అది గుర్తుకే రాలేదు.

లెక్కల్లో మార్కులు లేక సుగుణకి ఎం.పి.సి. రాలేదు. సి.ఇ.సి.లో సీటిచ్చారు. హాస్టల్లో ఉండి చదువుకునేది. వరండాలో ఎదురుపడితే ఒక పక్కకి తప్పుకుని "నమస్కారమండీ" అనేది. నేను తలూపి వెళ్లిపోయేదాన్ని.

ఖాసిం గారి పెన్సిలు

మరుసటి జూన్‌లో, ఆ ఏటి ప్రవేశ పరీక్ష కూడా అయిపోయాక, ప్రిన్సిపాల్ గారు పిలిపించారు.

"వచ్చే ఏడాది నుంచి ఎం.పి.సి.లో ఆడపిల్లల్ని తీసుకోవడం మానేద్దామనుకుంటున్నానమ్మా. కమిటీలో పెట్టాలి. వెనకటి అయిదారేళ్ల ప్రవేశ పరీక్ష మార్కులు, ఆడా మగా విడదీసి, ఒక మంచి పట్టిక వేసివ్వండి. మీరు వేస్తే ఇంక ఎవరూ మాట్లాడరు."

ఆయన చెడ్డ మనిషి కాదు. లెక్కలు రానివాళ్లని చేర్చుకుని ఫెయిలయ్యేలా చెయ్యడం పాపం అని నిజంగానే నమ్మేవారు. నేను సరేనన్నాను.

రిజిస్టర్లు తీయించాను. అందులో ఒక ఏడాది రిజిస్టరుకి చెదలు పట్టి సగం పొడైపోయింది. ఆ ఏడాది మార్కులు కావాలంటే పేపర్లే తిరగెయ్యాలి. హెడ్ క్లర్కు ఖాసిం గారు పాత పేపర్ల కట్టలు ఒక్కటీ పారెయ్యనివ్వరు. ఆయనది మూడు తరాలుగా బెజవాడ. సన్నగా, ఎప్పుడూ చెవిమీద పెన్సిలుతో ఉండేవారు. రికార్డు గదిలో బల్ల తుడిచి, కట్ట విప్పి నా ముందు పెట్టారు.

ఆడపిల్లల పేపర్లు తీసుకుని మార్కులు రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి పేపరులో మూడో భాగం, అంటే లెక్కలు రాయవలసిన చోటు, ఖాళీ. రెండోదీ ఖాళీయే. మూడోదానిలో ఒక లెక్క మొదలుపెట్టి రెండు వరసలు రాసి ఉంది, అంతే. తప్పులు కాదు, ఖాళీలు. చాలాసేపు అలా తిరగేస్తూనే ఉన్నాను. ప్రతి పేపరుకీ పైన కుడివైపు మూలన పెన్సిలుతో సన్నగా ఏదో రాసి ఉంది. 4-10. 4-05. 4-15.

"ఏమిటండీ ఇవి, ఖాసిం గారూ?"

"పేపరు నా చేతికొచ్చిన టైమమ్మా. ఇదివరకొకసారి ఒకతను తన పేపరు నేను పోగొట్టానని గొడవ చేశాడు. అప్పట్నుంచి రాసుకుంటున్నా."

"అందరూ నాలుగూ పదికే ఎందుకిచ్చారు?"

ఆయన నావంక వింతగా చూశారు. "అందరూ కాదమ్మా, ఆడపిల్లలు. నాలుగున్నరకి మైలవరం బస్సు, ఆ తర్వాత జంక్షన్ బస్సు. నాలుగు కొడితే చాలు, వరండాలో నాన్నలందరూ లేచి నిలబడతారు కదా. మగపిల్లాడైతే బస్సు పోయినా బస్టాండులో బెంచీమీద పడుకుని పొద్దున పోతాడు. ఆడపిల్లని అలా ఎవరుంచుతారు? నేనుంచుతానా?"

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు కదమ్మా. బస్సుకి పోవడం కూడా మీ పట్టికలోకి వస్తుందని నాకేం తెలుసు?"

మిగతా కట్టలూ దింపించాను. రెండు రోజులు ఆ గదిలోనే కూర్చుని, పేపర్లని ఆడా మగా అని కాకుండా పెన్సిలు గుర్తుని బట్టి కుప్పలు పోశాను. అయిదింటిదాకా ఉన్నవాళ్ల కుప్పలో ఆడపిల్లల లెక్కలూ, మగపిల్లల లెక్కలూ పక్కపక్కన పెడితే ఎవరివి ఎవరివో పేర్లు చూస్తేగానీ తెలియలేదు. ముందే లేచినవాళ్ల కుప్పలో దాదాపు అందరూ పల్లెటూళ్ల ఆడపిల్లలు. వాళ్ల మొదటి రెండు భాగాలూ నిండుగా ఉన్నాయి.

పోయిన ఏటి కట్టలో సుగుణ పేపరు దొరికింది. మూలన 4-10 అని ఉంది. "మూడవ భాగము" అని రాసి, స్కేలు పెట్టి గీత గీసుకుంది. మొదటి లెక్క సగంలో, సమానం గుర్తు దగ్గర ఆగిపోయింది.

మళ్లీ ప్రిన్సిపాల్ గదిలో

కట్టలు పట్టుకుని వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టిక తప్పనీ, వేసింది నేనేననీ చెప్పాను. ఆయన చాలాసేపు పేపర్లు తిప్పి చూశారు.

"పోయినేడు ఆ మాటన్నది మీరే కదమ్మా?"

"నేనేనండీ. చూడకుండా అన్నాను."

"సరే, వీళ్లు రాయలేదు. ఉండి రాసుంటే చేసేవాళ్లని ఏమిటి నమ్మకం? అయిదింటిదాకా ఉన్న ఆడపిల్లలంతా ఈ ఊరివాళ్లు, ట్యూషన్లు చెప్పించుకున్నవాళ్లు. వాళ్లని చూపించి పల్లెటూరి పిల్లల గురించి మాట్లాడితే ఎలా?"

మంచి ప్రశ్న. స్టాటిస్టిక్స్ చదివిన నేను వేసుకోవలసిన ప్రశ్న, కెమిస్ట్రీ ఆయన వేశారు. ఎదురు వాదించే అధికారి దొరకడం అదృష్టమని అప్పుడనిపించలేదు, తర్వాత అనిపించింది. దానికి జవాబు కుప్పల్లో లేదు. లేచిపోయిన పిల్ల ఎవరైనా కూర్చుని ఆ లెక్కలు చేసి చూపించాలి.

మధ్యాహ్నం సుగుణని స్టాఫ్ రూముకి పిలిపించాను. భయపడుతూ వచ్చింది. పోయిన ఏటి లెక్కల కాగితం ముందు పెట్టి, "నీకు గంట టైము. చేస్తావా?" అన్నాను.

కాగితం చూడగానే గుర్తుపట్టింది. "ఇప్పుడెందుకండీ?"

"నాకు తెలుసుకోవాలనుంది."

"ఏడాదైంది కదండీ... హాస్టల్లో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతున్నాను, అంతే." కుర్చీ అంచున కూర్చుని మొదలుపెట్టింది. నేను ఎదురుగా ఏదో దిద్దుతున్నట్టు నటిస్తూ గడియారం చూశాను. గంటకి పది నిమిషాలు ఉందనగానే పెన్ను మూసింది. అక్కడే దిద్దాను. ఒక్క లెక్కలో చివరి మెట్టు తప్ప అన్నీ సరైనవే. ఆ ఏడాది ఎం.పి.సి. జాబితాలో ఆ మార్కులు పై వరసల్లో ఉండేవి.

ఆమెను అక్కడే ఉండమని, పేపరు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి దాదాపు పరిగెత్తాను.

"ఒక్క పిల్ల చేస్తే రుజువైనట్టు కాదు. మీకు తెలియనిదా?" అన్నారు.

"కాదండీ. వచ్చే ఏడు పరీక్ష పొద్దున పెడితే అసలు సంగతి తెలుస్తుంది. అందాకా ఆడపిల్లల్ని ఆపకండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "డిగ్రీ క్లాసులు ఒక రోజు మానేస్తే కొంప మునగదులెండి" అన్నారు. ఆ రోజుతో ఆ ప్రతిపాదన ఆగిపోయింది.

పై ఏడు పరీక్ష పొద్దున పెట్టాం. తేడా పూర్తిగా మాయమైపోయిందని చెబితే అబద్ధం. లెక్కల్లో చాలావరకు తగ్గింది. సైన్సులో పల్లెటూరి ఆడపిల్లలు ఇంకా వెనకే ఉన్నారు, వాళ్లలో కొందరి బళ్లలో సైన్సు మేష్టారే లేడు. ఒక్క బస్సు అన్నిటికీ కారణం కాదు. ఆడపిల్లలు తెలివైనవాళ్లా, మగపిల్లలు తెలివైనవాళ్లా అని అడిగినవాళ్లకి నేను ఇప్పటికీ జవాబు చెప్పను. వాళ్లు ఏ బస్సుకి వెళ్లాలో ముందు చెప్పమంటాను.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు నాకు ఇంకొకటి కూడా కావాలి. "ఈ అమ్మాయిని ఇప్పుడు ఎం.పి.సి.కి మార్చండి" అని అడిగాను.

"ఏడాది గడిచిపోయాక ఎలా మారుస్తామమ్మా? రూల్సు ఒప్పుకోవు. కావాలంటే మళ్లీ మొదటి సంవత్సరంలో చేరమనండి, నేనే సీటిస్తాను" అన్నారు.

సుగుణ పేపరు

స్టాఫ్ రూముకి వచ్చేసరికి సుగుణ అదే కుర్చీలో అలాగే కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

"అన్నీ బాగా చేశావమ్మా. వచ్చే ఏటి నుంచి పరీక్ష పొద్దున పెడతారు. ఆడపిల్లలెవరూ మధ్యలో లేచిపోనక్కర్లేదు."

"మంచిదండీ" అంది. నిజంగానే సంతోషపడింది.

"నీకు మాత్రం ఇప్పుడు గ్రూపు మార్చడం కుదరదట. మళ్లీ మొదటి ఏడాదిలో చేరితే సీటిస్తామన్నారు."

తల అడ్డంగా ఊపింది. "రెండేళ్లని చెప్పి ఒప్పించానండీ ఇంట్లో. మూడో ఏడు అడగలేను. నా వెనక చెల్లెలుంది."

"తప్పు నాదమ్మా. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు నవ్వాను. తర్వాత నీ పేపరు చూడకుండానే మీకెవరికీ లెక్కలు రావన్నాను" అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ క్షణం తెలిసింది.

"అయ్యో, మీరేం చేస్తారండీ" అని ఆ పిల్లే నన్ను ఓదార్చింది. కాసేపటికి, "ఈ మార్కులు ఎక్కడ ఎక్కిస్తారండీ?" అని అడిగింది.

"ఎక్కడా ఎక్కించరమ్మా."

"అయితే ఈ పేపరు నేను తీసుకెళ్లొచ్చా? మా నాన్నకి చూపిస్తాను. నాకు లెక్కలు రావనుకుంటున్నాడండీ. 'పిల్ల అన్నీ బాగానే చదివింది, పాపం లెక్కలే దాని బుర్రకెక్కలేదు' అని మా అమ్మతో అంటుంటే విన్నాను."

ఇచ్చాను. జాగ్రత్తగా మడిచి, పుస్తకంలో పెట్టుకుంది. నమస్కారం పెట్టి గుమ్మందాకా వెళ్లింది. అక్కడ ఆగింది. కాసేపు నాకు వీపు చేసి నిలబడి, తిరిగి వచ్చి ఆ పేపరు నా బల్ల మీద పెట్టేసింది.

"వద్దులెండి మేడమ్."

"ఏమ్మా?"

"ఇది చూస్తే, మరి ఆ రోజెందుకు చెయ్యలేదని అడుగుతాడండీ. నాకు గంట పని ఉందని ఆయనకి తెలీదు. పది నిమిషాలే కదా అనుకుని పిలిచాడు. తను పిలవబట్టే సీటు పోయిందని తెలిస్తే తట్టుకోలేడండీ. నాకు లెక్కలు రావనుకోనివ్వండి, అదే నయం."

గంట కొట్టారు. సుగుణ తన సి.ఇ.సి. క్లాసుకి వెళ్లిపోయింది. ఆ గంటకి నాకూ క్లాసుంది. నేను వెళ్లలేదు. స్టాఫ్ రూము తలుపు దగ్గరగా వేసి, ఆ పేపరు ముందు పెట్టుకుని ఏడ్చాను.